గుమ్మడికాయ కొట్టాక

ఇంకా పది రోజుల షూటింగ్ మిగిలి ఉండగానే హిమజ గుమ్మడికాయ పగలగొట్టేసిందట. ఫిల్మ్ నగర్‌లో ఏ టీ కొట్టు దగ్గర ఆగినా కొన్నాళ్లు ఇదే మాట. హీరో మీద మనసుపడితే అతను పట్టించుకోలేదని కొట్టిందని కొందరు. గిట్టనివాళ్లు ఏదో చేయించారని కొందరు. మా బస్తీ మొదట్లో ఇడ్లీ బండి పెట్టే అనసూయమ్మ అయితే పక్కనే నిలబడి చూసినట్టు చెప్పేది.

"ఆడపిల్ల గుమ్మడికాయ కొట్టుడేందే మనోజా? అది గూడ గంతమంది ముంగట. జుట్టు ఇరబోసుకొని, గుడ్లెర్రజేసి, హీరో కాళ్లకాడ పడేటట్టు కొట్టిందంట."

"నువ్వు జూసినవా పెద్దమ్మా?"

"మా అల్లుడు జూసిండు."

"మీ అల్లుడు లారీ మీద నాగపూర్ పోయిండని మొన్ననే చెప్తివి."

"ఫోన్ల జూసిండు," అని ఆమె నా ఇడ్లీల మీద చట్నీ కొంచెం తక్కువే పోసింది.

ఫోన్లో చూడటానికి ఏమీ లేదు. కథ బయటికి పొక్కుతుందని ఆ రోజు అందరి ఫోన్లూ గేటు దగ్గరే తీసుకున్నారు. హిమజ జుట్టు విరబోసుకోలేదు. జడ వేసి, నల్ల క్లిప్పు పెట్టుకుని ఉంది. ఆ క్లిప్పు పెట్టింది నేనే.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇడ్లీ బండి దగ్గరి మాటలు కావు. ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్లు మెల్లగా, జాలిగా అన్న మాట. "పాపం, ఈ కాలం పిల్లలకి ఒత్తిడి తట్టుకోవడం రాదు." ఆ మాట చెవిన పడినప్పుడల్లా నా చేతిలో ఇస్త్రీపెట్టె ఉన్నచోటే ఆగిపోయేది. ఒక చొక్కా కాలింది కూడా.

ఆ సినిమా కాస్ట్యూమ్ గదిలో నేను పనిచేశాను. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసి, అమ్మకు బదులు జూబ్లీహిల్స్‌లో ఇళ్ల పనికి వెళ్లి, అక్కడ ఇస్త్రీ, కుట్టుపని నేర్చుకుని ఇటు వచ్చాను. నలుగురిలో నాకు గొంతు పెగలదు. అసలేం జరిగిందని నన్నెవరూ అడగలేదు కూడా. కానీ బట్టల వెనక నిలబడే మనిషికి చాలా కనబడతాయి. కనబడినవే రాస్తున్నాను.

హిమజది అమలాపురం దగ్గర ఒక ఊరు. ఇరవై ఆరేళ్లు. డిగ్రీ కాగానే ఇక్కడికి వచ్చి, ఆడపిల్లల హాస్టల్లో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉండేది. సినిమాలో ఆమె పని కంటిన్యుటీ. ఒక సన్నివేశం సగం ఇవాళ తీస్తారు, మిగతా సగం ఇరవై రోజుల తర్వాత తీస్తారు. ఇవాళ హీరో చొక్కాకు పై గుండీ ఊడి ఉంటే ఇరవై రోజుల తర్వాత కూడా ఊడే ఉండాలి. గ్లాసులో టీ ఎంత ఉంది, సంచి ఏ భుజానికి ఉంది, గోడ గడియారంలో ముల్లు ఎక్కడుంది, అన్నీ చూసి, ఫోటో తీసి, ఒక నీలం ఫైల్లో రాసుకోవాలి. ఏ షాటు అయింది, ఏది మిగిలింది అన్నది కూడా ఆ ఫైల్లోనే ఉంటుంది. సెట్లో రెండు వందల మంది ఉంటే, సినిమా ఎంతవరకు వచ్చిందో కచ్చితంగా తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

ఆ పనిలో ఆమెను తప్పుపట్టేవాళ్లు లేరు. ఒక కొట్లాటలో హీరో ఎడమ కనుబొమ్మ మీద గాయం వేశారు. పదిహేను రోజుల తర్వాత అదే గాయం మేకప్ వాళ్లు కుడి కనుబొమ్మ మీద వేశారు. హీరో తన ఫోన్లో తీసుకున్న సెల్ఫీని చూసి వేశారట, అందులో కుడి ఎడమలు తారుమారై ఉన్నాయి. కెమెరా తిరగబోతుండగా హిమజ చెయ్యెత్తింది. ఆ ఒక్క చెయ్యి ఎత్తకపోతే ఒక రోజు పని మొత్తం పోయేది. దర్శకుడు రవిచంద్ర మేకప్ వాళ్లను తిట్టాడు, మళ్లీ గాయం వేసేదాకా సిగరెట్ కాల్చుకున్నాడు. హిమజ దగ్గరికి వచ్చి మాట కలిపింది మా బాలనర్సయ్య కాకా ఒక్కడే. ముప్పై ఏళ్లుగా ఈ పరిశ్రమలో బట్టలు చూస్తున్న మనిషి, మా కాస్ట్యూమ్ గదికి పెద్ద.

"గాయం గూడ జాగ మారింది బిడ్డా," అన్నాడు. "మనమే కదులుతలేం."

"గుమ్మడికాయ కొట్టాక కదులుదాం బాబాయ్," అంది హిమజ నవ్వుతూ.

షూటింగ్ మొత్తం ముగిసిన రోజు బూడిద గుమ్మడికాయకు చిల్లుపెట్టి, కుంకుమ, చిల్లర నాణేలు వేసి, పైన కర్పూరం వెలిగిస్తారు. కెమెరాకూ మనుషులకూ దిష్టి తీసి, నేలకేసి కొడతారు. అది పగిలిందంటే ఆ సినిమాకు ఇక షూటింగ్ లేదు. చప్పట్లు కొట్టి, ఒకరినొకరు కౌగిలించుకుని ఎవరి ఇంటికి వాళ్లు వెళ్తారు. అందుకే మా దగ్గర ఏది అడిగినా జవాబు ఒకటే. సెలవు కావాలంటే గుమ్మడికాయ కొట్టాక. జ్వరం వస్తే మాత్ర ఇస్తారు, పడుకోవడం మాత్రం గుమ్మడికాయ కొట్టాక.

హిమజకు కింది దవడలో ఒక పన్ను పుచ్చింది. గుమ్మడికాయ కొట్టాక చూపించుకుంటానని నాలుగు నెలలు ఒకవైపే నమిలింది. కళ్లద్దాల నంబరు మారింది. కొత్తవి గుమ్మడికాయ కొట్టాక అని ఫైలును ముక్కు దగ్గర పెట్టుకుని చదివేది. అరవై రోజులన్న షూటింగ్ తొంభై దాటింది. తొంభై నాలుగో రోజున, ఇదే ఆఖరు అనుకుని, ప్రొడక్షన్ మేనేజర్ నాగసాయి పెద్ద బూడిద గుమ్మడికాయ తెప్పించాడు. ఆ సాయంత్రం డైరెక్టర్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. కాయ మా కాస్ట్యూమ్ వ్యాన్‌లోకి వచ్చింది. అక్కడ ఏసీ ఉంటుంది కదా. దాని బూడిద హీరో నల్ల షేర్వానీకి అంటుకుని, నేను రెండుసార్లు దులిపాను.

"నా బట్టల కంటె దీనికే ఇజ్జత్ ఎక్కువైంది," అని కాకా దాని కింద తువ్వాలు మడతపెట్టి వేశాడు.

మనిషి అరిగిపోవడం ఒక్క రోజులో కనబడదు. హిమజ ఎడమ కనురెప్ప అదరడం మొదలైంది. ఆడవాళ్లకు మంచిదో చెడ్డదో అని లైట్ల దగ్గరివాళ్లు సరదాగా పందెం వేసుకున్నారు. మా గదిలో అద్దం ముందు దువ్వుకుంటే దువ్వెనలో గుప్పెడు వెంట్రుకలు వచ్చేవి, చుట్టచుట్టి జేబులో దాచుకునేది. ఒక్క చొక్కా గుండీలు నాలుగుసార్లు లెక్కపెట్టేది. ఫోన్ మోగితే చెయ్యి ఛాతీ మీదికి పోయేది. ఫోన్ పక్క గదిలో ఛార్జింగ్‌లో ఉన్నా, మోగకపోయినా పోయేది. ఆ ఫోన్‌కు వేళాపాళా లేదు. తెల్లవారుజామున రవిచంద్రకు ఒక ఆలోచన వస్తే హిమజకు మెసేజ్ వచ్చేది. పది నిమిషాల్లో జవాబు ఇవ్వకపోతే ప్రశ్నార్థకం, ఇంకో అయిదు నిమిషాలకు రెండు ప్రశ్నార్థకాలు.

తొంభై తొమ్మిదో రోజు మధ్యాహ్నం మా గదిలో ఆమెకు ఊపిరి ఆడలేదు. హ్యాంగర్ల మధ్య కూలబడి, రెండు చేతులతో ఛాతీ పట్టుకుని, "మనోజా, గుండెపోటు," అంది. ఒళ్లంతా చెమట. వేళ్లు చల్లగా ఉన్నాయి. కాకా సోడా తెచ్చి గ్యాస్ అన్నాడు. పావుగంటకు తగ్గింది. ఆమె లేవగానే అడిగిన మొదటి మాట, "ఎవరైనా నన్ను పిలిచారా?"

పిలిచారు. నేను చెప్పలేదు. భోజనాల విరామంలో ఆటో ఎక్కించి టోలిచౌకిలో మా అమ్మను చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె ఈసీజీ తీసి, రెండుసార్లు బీపీ చూసింది.

"గుండె బాగానే ఉందమ్మా. బీపీ మాత్రం నీ వయసుకి ఎక్కువ ఉంది. ఎన్నింటికి పడుకుంటావు?"

"కుదిరినప్పుడండీ."

"భోజనం?"

"నిలబడి తింటానండీ. ఒక్కోసారి మర్చిపోతాను."

"ఆఖరిసారి సెలవెప్పుడు?"

హిమజ నా వైపు చూసింది. నేను బట్టలను బట్టి గుర్తుచేసుకున్నాను. "పెండ్లి పాట షూటింగ్ కంటె ముందు," అన్నాను. డాక్టరమ్మ కళ్లద్దాల పైనుంచి చూసింది. "రెండున్నర నెలలైతది మేడమ్."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "కుక్క తరుముకొస్తే ఒళ్లేం చేస్తుంది? గుండె దడదడా కొట్టుకుంటుంది, ఒళ్లంతా బిగుసుకుంటుంది, ఆకలి పోతుంది. పరిగెత్తడానికి కావాల్సిందే అది. కుక్క పోయాక మామూలవుతాం. నీ విషయంలో కుక్క పోవడం లేదు. ఫోన్ మోగితే కుక్క, మోగకపోతే ఎప్పుడు మోగుతుందోనని కుక్క. నీ ఒళ్లు తన పని తను చేస్తోంది. ఇది నీ బలహీనత కాదు. దానికి ఆగడానికి నువ్వు టైమివ్వాలి."

"నేనివ్వకపోవడం కాదండీ. నాకివ్వడం లేదు."

డాక్టరమ్మ పెన్ను మళ్లీ తీసుకుంది. తర్వాత కాగితం మీద రాసింది. కూర్చుని తినాలి. కాఫీ రెండుకు మించొద్దు. రాత్రి ఒక వేళ పెట్టుకుని ఫోన్ ఆపాలి. దడ వచ్చినప్పుడు పాదాలు నేలకు ఆనించి, ఊపిరి పీల్చిన దానికంటే నెమ్మదిగా వదలాలి. వారంలో ఒక పూర్తి రోజు పని మాట ఉండకూడదు. రెండు వారాల్లో మళ్లీ రావాలి, తగ్గకపోతే మానసిక వైద్యుల దగ్గరికి రాసిస్తానని, అందులో సిగ్గుపడాల్సింది లేదని చెప్పింది.

"గుమ్మడికాయ కొట్టాక వస్తానండీ," అంది హిమజ అలవాటుగా.

"ఏ గుమ్మడికాయ?"

చెప్పాక డాక్టరమ్మ నవ్వలేదు. "అప్పటిదాకా ఓపిక పడతానని నీ ఒళ్లు నీకేమైనా రాసిచ్చిందా?"

హిమజ నిజంగానే ప్రయత్నించింది. ఈ సంగతి ఏ టీ కొట్టు దగ్గరా ఎవరూ చెప్పరు. నేను బట్టల స్టాండ్ల వెనక ఒక స్టూలు వేసి, ఆమె భోజనం మూతపెట్టి ఉంచేదాన్ని. పన్నెండు నిమిషాలు కూర్చుని తినేది. కాకా తలుపు దగ్గర కాపలా. ఎవరైనా వస్తే, "లోపట హీరోయిన్ బట్టలు మార్చుకుంటుంది," అనేవాడు. హీరోయిన్ ఆ రోజుల్లో షూటింగ్‌కే రావడం లేదని ఎవరికీ తట్టేది కాదు. సాయంత్రం వెళ్లే ముందు బుర్రలో తిరుగుతున్నవన్నీ ఒక కాగితం మీద రాసి ఫైల్లో పెట్టేసేది. "రాసేశాక అవి కాగితం పని, నా పని కాదు," అనేది. అలా చేసిన నాలుగు రోజులకు కనురెప్ప అదరడం తగ్గింది. లైట్ల దగ్గరివాళ్ల పందెం ఆగింది.

మిగిలింది ఆదివారం. ఆ రోజు షూటింగ్ లేకపోయినా హిమజకు సినిమా ఆఫీసులో పని ఉండేది. దానికోసం కో-డైరెక్టర్ సుబ్రహ్మణ్యం గారిని అడిగింది. యాభై దాటిన పెద్దమనిషి. గట్టిగా మాట్లాడడు. అందుకే ఆయన్ను అందరూ మంచివాడంటారు.

"ఆదివారమా తల్లీ?" అన్నాడు. "నీ వయసులో నేను మూడు రోజులు కన్నుమూయకుండా పనిచేశాను. ఫ్లోర్ మీదే పడిపోయాను, నీళ్లు కొట్టి లేపారు. లేచి క్లాప్ కొట్టాను."

"లేపిన తర్వాత ఇంటికి పంపలేదా సార్?"

"ఇంటికెందుకమ్మా? ఆ కష్టమే మమ్మల్ని నిలబెట్టింది."

ఆయన ఆ మాట గొప్పగా చెప్పుకున్నాడు. స్పృహ తప్పిన కుర్రాణ్ని నీళ్లు కొట్టి మళ్లీ పనిలో నిలబెట్టిన మనుషుల మీద ఆయనకు ముప్పై ఏళ్ల తర్వాత కూడా కోపం రాలేదు. ఆ కోపం ఆయనకు వచ్చి ఉంటే హిమజకు ఆదివారం దొరికేది. ఇస్త్రీ చేస్తూ అంతా విన్నాను. ఒక మాట అనలేకపోయాను.

హిమజ డాక్టరు కాగితం కూడా చూపించింది. సుబ్రహ్మణ్యం గారు దాన్ని ఆఫీసులో ఇచ్చాడు. దాని ఫలితం వెంటనే వచ్చింది. యూనిట్ అందరికీ ఒత్తిడిని జయించడం మీద ఒక క్లాసు పెట్టారు. ఆదివారం పెట్టారు, ఎందుకంటే మిగతా రోజుల్లో షూటింగ్ ఉంది. రాని వాళ్ల పేర్లు ఇమ్మన్నారు. కుర్చీలు వేయించడం, మైకు చూడటం, వచ్చినవాళ్ల సంతకాలు తీసుకోవడం హిమజకు అప్పగించారు.

వచ్చినాయన తెల్ల కుర్తా వేసుకుని, చెవి పక్కన సన్నని మైకు పెట్టుకుని, పనిని ఇంటికి మోసుకుపోకూడదని గంటన్నర చెప్పాడు. కళ్లు మూసుకుని సముద్రాన్ని తలుచుకోమన్నాడు. అందరూ మూసుకున్నారు. నేను మూసుకోలేదు. సముద్రం ఎలా ఉంటుందో నాకు తెలియదు. కాబట్టి చూశాను. హిమజ సంతకాల పుస్తకం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఫోన్ వెలిగింది. మొదటి వరసలో కళ్లు సగం మూసుకుని కూర్చున్న రవిచంద్ర బొటనవేలు ఒళ్లోని ఫోన్ మీద అప్పుడే ఆగింది. ఆయన పంపిన మెసేజే అది. రేపటి షాట్ల జాబితా పదకొండు గంటలకల్లా కావాలట. ఆమె చెయ్యి ఛాతీ మీదికి వెళ్లింది.

చివర్లో రవిచంద్ర మైకు తీసుకుని, మనమంతా ఒక కుటుంబం అన్నాడు. ఫోటో తీశారు. ఫోటోలో హిమజ లేదు, ఫోటో తీసింది ఆమే.

మనిషిని నీళ్లలో ముంచి పట్టుకుని, పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టి ఊపిరి ఎలా పీల్చాలో నేర్పించినట్టు ఉంది ఆ పని. ఊపిరి పద్ధతి మంచిదే కావచ్చు. ముందు పట్టుకున్న చెయ్యి తియ్యాలి కదా. ఆమె అడిగింది ఒక్క ఆదివారం. దానికి బదులు ఆదివారాన్నే తీసుకున్నారు.

తర్వాత నేను కాపాడిన పన్నెండు నిమిషాలు కూడా పోయాయి. కనురెప్ప మళ్లీ మొదలైంది. రెండు వారాల్లో రమ్మన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్లలేదు. మళ్లీ రెండుసార్లు ఊపిరి ఆడలేదు. రెండోసారి కారవాన్ వెనక, ఎవరికీ కనబడకుండా పాదాలు నేలకు ఆనించి, తనకు తానే తగ్గించుకుంది. ఆ రోజు సుబ్రహ్మణ్యం గారి దగ్గరికి వెళ్లి, "సార్, నేను పడిపోయేలా ఉన్నాను," అని స్పష్టంగా చెప్పింది. ఆయన తల నిమిరాడు. ఫైల్లో ఇంకెన్ని షాట్లున్నాయని అడిగాడు. పదకొండు అంది. "ఆ పదకొండూ అవగానే గుమ్మడికాయ. తెల్లారి నుంచి పదిహేను రోజులు నీవి. నాదీ మాట," అన్నాడు. ఆమె ఆ పదకొండును పట్టుకుని నడిచింది. పదకొండు తొమ్మిదైంది, ఆరైంది. నూట పదహారో రోజుకు మూడు మిగిలాయి.

ఆ రోజు షూటింగ్ జూబ్లీహిల్స్‌లో రాతిగుట్ట మీద అద్దెకు తీసుకున్న బంగ్లాలో. నల్ల షేర్వానీలో హీరో మెట్లు దిగాలి, కారు తలుపు తెరవాలి, వెనక్కి ఒకసారి చూడాలి. అంతే. పొద్దున్నే హిమజ నా దగ్గరికి వచ్చి, జుట్టు కళ్లలో పడుతోంది క్లిప్పు పెట్టమంది. పెడుతుంటే మెడ చెక్కలా బిగుసుకుని ఉంది.

నాలుగూ పదికి మూడో షాటు అయింది. హిమజ ఫైల్లో టిక్కు పెట్టింది. రోజూ ఆ పేజీ కింద డైరెక్టర్ సంతకం చేయాలి. పేజీ మీద ఆమె రాసింది నేను చూశాను. మిగిలిన షాట్లు: ఏమీ లేవు. రవిచంద్ర మానిటర్ మీద నుంచి కళ్లు తిప్పకుండా ఎప్పట్లాగే సంతకం పెట్టేశాడు. నాగసాయి కాయను పళ్లెంలో పెట్టి, కర్పూరం వెలిగించి, కెమెరా చుట్టూ తిప్పడం కూడా పూర్తిచేశాడు. ఎత్తబోయాడు.

"ఆగు నాగసాయీ," అన్నాడు రవిచంద్ర. "ఇంకేదో మిస్సవుతోంది."

"ఏ షాట్ సార్?" అంది హిమజ.

"అది తెలిస్తే తీసేసేవాణ్ని కదా. ఇంకో పది రోజులు పెట్టుకుందాం. రోజూ వచ్చి కూర్చుంటే ఏదో ఒకటి తడుతుంది."

రెండు వందల మంది నేల చూశారు. నాగసాయి కర్పూరాన్ని ఊది ఆర్పాడు. సుబ్రహ్మణ్యం గారు హిమజ వైపు తిరిగాడు.

"అమ్మాయ్, కాయ తీసుకెళ్లి వ్యాన్‌లో పెట్టు. ఫోన్ తీసుకోగానే, పొద్దున ఆరింటికల్లా అందరూ రావాలని గ్రూపులో పెట్టేయ్."

"సార్, రేపట్నుంచి నాకు సెలవన్నారు."

"గుమ్మడికాయ కొట్టాక అన్నానమ్మా," అన్నాడాయన, ఎప్పటిలాగే మెల్లగా.

హిమజ ఆయన్ను ఒక్క క్షణం చూసింది. నీలం ఫైలును కుర్చీలో పెట్టింది. పళ్లెంలోంచి కాయను రెండు చేతులతో ఎత్తుకుంది. బరువైంది అది. ఛాతీకి ఆనించుకుని నడుస్తుంటే కుర్తా మీద తెల్లటి బూడిద అంటింది. నా వైపే వస్తోందనుకుని వ్యాన్ తలుపు తీశాను. ఆమె కెమెరా ముందు ఆగింది. తల మీదికి ఎత్తి నేలకేసి కొట్టింది.

కుంకుమ చిమ్మింది. నాణేలు మెట్ల కిందికి దొర్లాయి. హీరో కాళ్ల దగ్గరికి ఒక్క ముక్క కూడా రాలేదు, ఆయన అప్పటికే గొడుగు కింద ఉన్నాడు.

"అయిపోయింది సార్," అంది హిమజ. గొంతు పెంచలేదు. "ఫైలు కుర్చీలో ఉంది. మీ సంతకం ఉంది. నేను వెళ్తున్నాను."

అప్పుడు వెనక లైట్ల దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు. ఆమెను మెచ్చుకుని కాదు. గుమ్మడికాయ పగిలితే చప్పట్లు కొట్టడం అలవాటు, చేతులు వాటంతటవే లేచాయి. పక్కవాడు కొట్టాడు. తర్వాత రెండు వందల మందీ కొట్టారు. కౌగిలింతలు మొదలయ్యాయి. లైట్లు ఆరాయి, తీగలు చుట్టడం మొదలుపెట్టారు. రవిచంద్ర "ఆపండి" అని రెండుసార్లు అన్నాడు. గుమ్మడికాయ పగిలిన చోట మళ్లీ కెమెరా పెడితే మంచిది కాదని లైట్‌మ్యాన్ నుంచి హీరో దాకా అందరికీ పట్టింపు. ఎవరూ ఆగలేదు.

సుబ్రహ్మణ్యం గారు మా వ్యాన్ దగ్గరికి వచ్చి, బట్టలు సర్దొద్దన్నాడు.

"పగిలినదాన్ని అతికియ్యరాదు సార్," అన్నాడు కాకా. షేర్వానీ మడతపెట్టి ట్రంకులో వేసి, తాళం వేసి, చెవి నా చేతిలో పెట్టాడు.

నేను గేటు దాకా పరిగెత్తాను. హిమజ కాపలావాడి దగ్గర తన సంచి తీసుకుంటోంది. ఊపిరి మామూలుగానే ఉంది.

"ఎక్కడికి పోతున్నవక్కా?"

"టోలిచౌకి. డాక్టర్ గారు ఏడింటిదాకా ఉంటారు కదా."

ఆ తర్వాత ఆఫీసు ఆమె ఫోన్ ఎత్తలేదు. రెండు కంపెనీల్లో పని అడిగితే, "ఆ గుమ్మడికాయ అమ్మాయివి నువ్వేనా?" అని నవ్వి పంపేశారు. సినిమా టైటిల్స్‌లో ఆమె పేరు లేదు. నూట పదహారు రోజులు గుండీలు లెక్కపెట్టిన మనిషి పేరు తీసేసి, ఒత్తిడి క్లాసు చెప్పినాయనకు కృతజ్ఞతలు వేశారు.

డాక్టరమ్మ రాసిచ్చిన మానసిక వైద్యుల దగ్గరికి హిమజ నెలన్నర వెళ్లింది. పుచ్చిన పన్ను బాగుచేయించుకుంది. ఇప్పుడు బంజారా హిల్స్‌లో ప్రకటనలు తీసే చిన్న ఆఫీసులో అదే పని చేస్తోంది. చేరేముందే రాత్రి ఎనిమిదికి ఫోన్ ఆపుతానని చెప్పి చేరింది. వాళ్లు ఒప్పుకున్నారు. ఎనిమిది తర్వాత కూడా అప్పుడప్పుడు చెయ్యి ఛాతీ మీదికి పోతూనే ఉంటుందట. పూర్తిగా పోవడానికి టైం పడుతుందని చెప్పారట.

మొన్న శుక్రవారం ఆ సినిమా వచ్చింది. హీరో మెట్లు దిగి, కారు తలుపు తెరిచి, వెనక్కి ఒకసారి చూస్తాడు. అక్కడితో అయిపోతుంది. అనసూయమ్మ మళ్లీ మొదలుపెట్టింది, పది రోజుల షూటింగ్ ఉండంగనే కొట్టిందని. ఈసారి నేను చెప్పాను, ఆ రోజుకు ఒక్క షాటు కూడా మిగల్లేదని.

ట్రంకు తాళంచెవి నా దగ్గరే ఉంది. ఆ సాయంత్రం వేసిన తాళం ఇంతవరకు తియ్యలేదు. ఆ తర్వాత ఒక్క షాటుకు కూడా ఎవరూ ఆ బట్టలు అడగలేదు.